"నువ్వసలు మనిషివేనా" అని ఎవర్ని అడుగుతున్నాం?

(హైదరాబాద్ చిక్కడపల్లిలో మా పుస్తక మిత్రుల ఆదివారం సమావేశంలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు మాట్లాడింది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతా మాటలన్నీ ఆయనవే.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లెక్చరర్ ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతాడని భయమేమో, నేను రిటైరై ఎనిమిదేళ్ళయింది, ఇంక అడగను. ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించమ్మా, కాగితాలు ఎగిరిపోతున్నయ్. ఆఁ, చాలు.

నాకిచ్చిన టాపిక్ "రెండు ఆత్మకథల్లో మానవత్వం, అమానుషత్వం". పెద్ద మాటలు. మానవత్వం అన్న మాట ఈ మధ్య నేను ఎక్కువగా సన్మాన పత్రాల్లోనే వింటున్నా, శాలువా కప్పేముందు చదువుతారు కదా, అందులో. అందుకని ఆ మాటని కాసేపు పక్కన పెడదాం. మనం ఇంట్లో వాడే మాట తీసుకుందాం. మనకి ఒళ్ళు మండితే ఏమంటాం? "నువ్వసలు మనిషివేనా?" అంటాం. ఎవర్నంటాం? కన్నతల్లిని బయటికి గెంటినోణ్ణి అంటాం, కట్నం కోసం కోడల్ని కాల్చుకు తిన్నోళ్ళని అంటాం. అంటే తప్పు చేసినోణ్ణే అడుగుతాం, అవునా కాదా?

ఇప్పుడు చూడండి. ప్రిమో లెవీ అని ఇటలీ ఆయన, నాజీల ఔష్విట్జ్ చావు క్యాంపు నుంచి బతికి బయటపడ్డాక రాసిన పుస్తకానికి "ఇతను మనిషేనా" అని పేరు పెట్టాడు. నేను మొదటిసారి ఆ అట్ట చూసినప్పుడు నాజీల గురించి అడుగుతున్నాడనే అనుకున్నా. లోపల మొదట్లో ఒక కవిత ఉంటుంది, అది చదివితే తెలుస్తుంది ఆయన అడుగుతున్నది కొట్టినోడి గురించి కాదు. బురదలో పనిచేసేవాడు, రొట్టె ముక్క కోసం కొట్లాడేవాడు, ఎవడో అవును అనో కాదు అనో అంటే చచ్చిపోయేవాడు, వాణ్ణి చూపించి అడుగుతున్నాడు. వీడు మనిషేనా, చూసి చెప్పండి, మీరు వెచ్చగా ఇంట్లో కూర్చున్నారు కదా, చెప్పండి అని. ప్రశ్న తిరగబడింది. నా బుర్ర కూడా తిరిగింది, నిజం చెప్పాలంటే.

ఆ పుస్తకం నాకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. ఇక్కడున్నవాళ్ళలో సగం మందికి ఆ ఫుట్‌పాతే యూనివర్సిటీ, నాకు తెలుసు. అట్ట చిరిగిపోయి ఉంది, పోటీ పరీక్షల గైడ్ల కింద పడి ఉంది, బేరమాడి కొన్నా. దాంతోపాటు అదే కుప్పలో కాదుగానీ ఆ తర్వాత కొన్నేళ్ళకి చదివిన ఇంకో పుస్తకం, హిందీలో, ఓంప్రకాశ్ వాల్మీకి రాసిన "జూఠన్". 1997లో వచ్చింది. హైదరాబాద్ వాళ్ళకి నేను జూఠన్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు, పిల్లాడు సగం తిన్న బిస్కెట్ చూసి "జూటా హై" అంటాం. ఎంగిలి. మన ఎంగిలి.

రెండూ ఒకదాని వెనక ఒకటి చదవాలని నేనేం ప్లాన్ చేసుకోలేదు. కానీ రెండోది చదువుతుంటే మొదటిది పక్కన కూర్చుని వింటున్నట్టే అనిపించింది. ఇవాళ చెప్పేది అదే.

వివరాలు త్వరగా చెప్పేస్తా. లెవీ 1919లో తూరిన్‌లో పుట్టాడు, కెమిస్ట్రీ చదివాడు, 1941లో డిగ్రీ ఇస్తూ పట్టా మీదే "యూదు జాతి" అని రాసిచ్చారు. 1943 డిసెంబర్‌లో కొండల్లో పార్టిజాన్లతో, అంటే ఫాసిస్టుల మీద పోరాడే దళాలతో ఉండగా పట్టుబడ్డాడు. 1944 ఫిబ్రవరి 22న 650 మందిని ఔష్విట్జ్‌కి 12 గూడ్స్ పెట్టెల్లో ఎక్కించారు. ఆయన పెట్టెలో 45 మంది, అందులో మళ్ళీ ఇల్లు చూసింది నలుగురు. నలుగురు! క్యాంపులో చేతి మీద పచ్చబొట్టు పొడిచి నంబరిచ్చారు, 174517. ఇంక ఆ నంబరే పేరు, ఆ నంబర్ చూపిస్తేనే రొట్టె, సూపు.

వాల్మీకి 1950లో పుట్టాడు, ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా బర్లా అనే ఊళ్ళో, పాకీ పని చేసే చూహ్డా కులంలో. 1950 అంటే ఏంటి? మన రాజ్యాంగం అమల్లోకొచ్చిన సంవత్సరం. అంటరానితనం రద్దు అని 17వ ఆర్టికల్‌లో రాసుకున్నాం కదా, ఆ సంవత్సరం. ఆయన ఏమంటాడంటే, ఊళ్ళో మమ్మల్ని పేరు పెట్టి పిలిచే అలవాటే లేదు, పెద్దవాడైతే "ఓ చూహ్డే", చిన్నవాడైతే "అబే చూహ్డే కే". అంతే. క్యాంపులో వాళ్ళు ఉన్న పేరు తీసేసుకుని నంబరిచ్చారు. ఇక్కడ తీసుకోవడానికి అసలు పేరు ఇస్తే కదా! అమ్మా నాన్నా పెట్టుకున్న పేరు వాడ దాటి బయటికొచ్చేది కాదు.

ఒక మాట ముందే చెప్పేస్తా, ఎందుకంటే ప్రశ్నల టైంలో ఎవరో ఒకరు లేస్తారు, అదెక్కడ ఇదెక్కడ సార్ అని. నేను తక్కెడ పట్టుకుని రాలేదు. అక్కడ యూరప్ మొత్తం మీద 60 లక్షల మంది యూదుల్ని చంపారు, ఫ్యాక్టరీ పెట్టి చంపినట్టు చంపారు. ఇక్కడ సంగతి వేరు. ఊరికి వాళ్ళతో పనుంది, వాళ్ళని చంపేస్తే రేపు ఎద్దు చస్తే ఎవడు లాగాలి, వాకిలి ఎవరు ఊడవాలి? రెండూ ఒకటి కాదు. ఒకటి కానివాటిని పక్కపక్కన పెట్టుకుని చూడకూడదని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను, చూడ్డానికే కదా పుస్తకాలు.

సరే. నాకు లెవీ పుస్తకంలో గ్యాస్ చాంబర్ కంటే ఎక్కువ నిద్ర పట్టనివ్వని సీన్ ఒకటుంది. చాలా చిన్నది. లెవీని పెట్టిన మోనోవిట్జ్ క్యాంపు, అది ఔష్విట్జ్‌లోనే ఒక భాగం, దాని పక్కన ఐజీ ఫార్బెన్ కంపెనీ వాళ్ళ రబ్బర్ ఫ్యాక్టరీ కడుతున్నారు, బూనా అంటారు. అందులో కెమిస్టులు కావాలన్నారు. ఈయన కెమిస్టు కదా, పరీక్ష పెట్టారు. ఊహించుకోండి, గుండు, చిరిగిన చారల గుడ్డలు, ఒంటి నిండా మట్టి, ఆకలి, అట్లాంటి మనిషి డాక్టర్ పాన్‌విట్జ్ అనే జర్మన్ కెమిస్టు బల్ల ముందు నిలబడి ఆర్గానిక్ కెమిస్ట్రీ జవాబులు చెప్తున్నాడు. పాన్‌విట్జ్ తలెత్తి చూశాడు. ఆ చూపు గురించి లెవీ అంటాడు, ఒక మనిషి ఇంకో మనిషిని చూసిన చూపు కాదది, చేపల తొట్టి అద్దానికి ఇవతల ఒక ప్రాణి, అవతల ఒక ప్రాణి, వేరే వేరే లోకాల్లో ఉన్నట్టు ఉందంటాడు.

అది అయిపోయింది, జవాబులు బాగానే చెప్పాడు. తిరిగి తీసుకెళ్తున్నవాడు అలెక్స్, కాపో, అంటే ఖైదీల మీద మేస్త్రీలాంటివాడు, వాడూ ఖైదీయే. దారిలో ఇనుప కేబుల్ అడ్డమొచ్చింది, పట్టుకుని దాటాడు, చేతికి నల్లగా గ్రీజు అంటుకుంది. అప్పుడేం చేశాడు? పక్కన నడుస్తున్న లెవీ భుజానికి ఆ చెయ్యి తుడుచుకున్నాడు. అరచెయ్యి ఒకసారి, వెనక్కి తిప్పి ఇంకోసారి. మనం హోటల్లో చెయ్యి కడుక్కొని టవల్ కోసం చూస్తాం చూడండి, అట్లా. కోపం లేదు, వెక్కిరింత లేదు. ఏమీ లేదు.

లెవీ అంటాడు, నేను ఇవాళ ఆ అలెక్స్‌ని, ఆ పాన్‌విట్జ్‌ని, వాళ్ళలాంటి లెక్కలేనంత మందిని ఈ ఒక్క పనిని బట్టి తీర్పు చెప్తున్నా అని తెలిస్తే అలెక్స్ పాపం ఆశ్చర్యపోతాడు అని. ఆశ్చర్యపోడూ మరి? నేనేం చేశాను సార్, కొట్టానా, తిట్టానా, చెయ్యి తుడుచుకున్నా అంతేగా అంటాడు.

నేను చాలాకాలం అనుకున్నదేంటంటే అమానుషం అంటే కోపం, ద్వేషం, పళ్ళు కొరకడం, సినిమాలో విలన్ నవ్వు. కాదండీ. కోపంలో ఇంకా ఎదుటివాడు మనిషే, మనిషి మీదే కదా కోపమొచ్చేది, గుడ్డపేలిక మీద ఎవరికైనా కోపమొస్తుందా?

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించా, చెప్పకపోతే ఊరికే పుస్తకాల మీద మాట్లాడి చప్పట్లు కొట్టించుకుని పోయినట్టుంటుంది. మాది నల్గొండ దిక్కు ఊరు. మాకు కొంచెం భూమి, కొంచెం పరువు. పొద్దున్నే ఒకామె వచ్చేది, కొట్టం ఊడ్చి, పెండ తీసి, వాకిట్ల సాన్పి చల్లి పోయేది. కొట్టం గోడకి ఒక గూడు ఉండేది, అందులో అల్యూమినియం గిలాస ఒకటి బోర్లించి ఉండేది. అంచు దగ్గర సొట్ట. పని అయిపోయినంక ఆమె ఆ గిలాస తనే తీసుకుని, తనే కడుక్కొని, వాకిట్ల కూర్చునేది, మా అమ్మ చాయ్ పోసేది పైనుంచి. చాయ్ గిన్నె గిలాసకి తగలకుండా, జానెడు ఎత్తు నుంచి, ఒక్క చుక్క కింద పడకుండా. ఎంత నైపుణ్యమో! పోస్తూ "పిల్లగానికి జరం తగ్గిందా" అని అడిగేది కూడా. మా అమ్మ చెడ్డది కాదు. చాలా మంచిది. పండక్కి చీర పెట్టేది, ఆమె కొడుక్కి జబ్బు చేస్తే డబ్బులిచ్చింది. మా ఇంట్లో ఆమె మీద ఎవరికీ ఎప్పుడూ కోపం లేదు.

జానెడు ఎత్తు. అలెక్స్ చెయ్యి గురించి చదివినరోజు నాకు ఆ జానెడు ఎత్తే కళ్ళముందుకొచ్చింది.

ఇంకోటి, నేను టీచర్ని కాబట్టి నాకు గుచ్చుకున్నది. రెండు పుస్తకాల్లోనూ "ఎందుకు" అనకూడదు. లెవీ క్యాంపుకి చేరిన కొత్తలో దాహంతో నాలుక పిడచగట్టుకుపోయి కిటికీ బయట వేలాడుతున్న మంచుముక్క ఒకటి విరిచాడు, కాపలావాడు లాక్కొని పారేశాడు. ఎందుకు అని అడిగాడు ఈయన. "ఇక్కడ ఎందుకు అనేది లేదు" అని తోసేశాడు లోపలికి.

వాల్మీకి క్లాసులో టీచర్ ద్రోణాచార్యుడి పాఠం చెప్తున్నాడు. ఇంట్లో పాలు లేక కొడుకు అశ్వత్థామకి పిండి నీళ్ళలో కలిపి పాలని తాగించాడట, చెప్తూ చెప్తూ టీచర్ కళ్ళు చెమర్చాయి, క్లాసంతా అయ్యో అంది. ఈ పిల్లాడు లేచి నిలబడ్డాడు. అశ్వత్థామకి పిండినీళ్ళు పోశారు సరే, మేము గంజి తాగాం కదా మాస్టారూ, మరి మా గురించి ఏ మహాకావ్యంలోనూ ఎందుకు రాయలేదు అన్నాడు. అబ్బ! నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇట్లాంటి ప్రశ్న ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఆ మాస్టారు ఏం చేశాడు? కోడిపెట్టలా వంచి నిలబెట్టి, నీ ఒంటి మీద మహాకావ్యం రాస్తాన్రా అని బెత్తంతో వీపు మీద కొట్టాడు. ద్రోణుడి పేదరికానికి ఏడ్చిన కళ్ళే అవి. అయిదు నిమిషాల కింద.

అంతకుముందు ఊరి బళ్ళో హెడ్మాస్టర్ కలీరామ్ అని ఒకాయన, చెట్టెక్కి రెమ్మలు విరిచి చీపురు కట్టుకో, బడంతా అద్దంలా ఊడువు, మీ ఇంటి పనే కదా అన్నాడు. పిల్లాడు ఊడ్చాడు. ఒకరోజు, రెండు రోజులు. క్లాసులో మిగతా పిల్లలు చదువుకుంటుంటే ఈయన ఊడుస్తున్నాడు, నీళ్ళు తాగడానికి కూడా లేదు. మూడో రోజు మెల్లగా వెనక కూర్చుంటే మెడ పట్టి బయటికి లాగాడు. గ్రౌండ్ ఊడుస్తున్నాడు ఏడుస్తూ, అప్పుడు తండ్రి అటుగా పోతూ చూశాడు. చూసి చీపురు లాక్కొని విసిరేశాడు, ఎవడ్రా ఆ ద్రోణాచార్యుడి సంతానం నా కొడుకుతో ఊడిపిస్తున్నది అని అరిచాడు, బడంతా వినబడేలా. హెడ్మాస్టర్ తిడితే, నువ్వు మాస్టర్‌వి కాబట్టి పోతున్నా, కానీ గుర్తుపెట్టుకో, వీడు ఇక్కడే చదువుతాడు, వీడొక్కడే కాదు, వీడి తర్వాత ఇంకా వస్తారు అన్నాడు. చదువురాని మనిషి. ఆ తర్వాత ఊళ్ళో త్యాగుల, అంటే భూములున్న పై కులంవాళ్ళ, గడపలన్నీ తిరిగాడు సాయం చేయండని, అందరూ మీవాళ్ళకి చదువెందుకు అన్నవాళ్ళే. చివరికి ఊరి ప్రధాన్, ఆయన కూడా త్యాగియే, చెప్తే మళ్ళీ బళ్ళో కూర్చోనిచ్చారు.

ఇప్పుడు ఎంగిలి దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇదే నాకు.

మనకి ఎంగిలి అంటే ఒకే అర్థం కాదు, కదా. బతుకమ్మ మొదటి రోజుని ఎంగిలిపూల బతుకమ్మ అంటాం. శబరి కొరికిచ్చిన పండ్లు రాముడు తిన్నాడని చెప్పుకుని మురిసిపోతాం. అమ్మ తిన్న కంచంలో పిల్లాడు తింటే ఎవరూ ఏమనరు. మరి ఎంగిలిలో అంత అవమానం ఎక్కణ్ణుంచి వచ్చింది?

బర్లాలో సుఖ్‌దేవ్ సింగ్ త్యాగి ఇంట్లో పెళ్ళి. వాల్మీకి వాళ్ళ అమ్మానాన్నా పది పన్నెండు రోజుల ముందునుంచీ ఆ ఇంట్లో చాకిరీ చేశారు. పెళ్ళిరోజు బంతి లేచాక విస్తళ్ళలో మిగిలింది తట్టలోకి ఎత్తుకోవాలి, అదే కూలి. మిగిలిన పూరీ ముక్కలు ఎండలో ఎండబెట్టి దాచుకునేవాళ్ళు, వానాకాలంలో నీళ్ళలో ఉడకబెట్టుకుని ఉప్పుకారం వేసుకు తినడానికి. ఆయన రాస్తాడు, దాన్ని రుచిగా తినేవాళ్ళం అని కూడా రాస్తాడు, దాచుకోడు. సరే, ఆ రోజు తల్లి తట్ట పట్టుకుని గుమ్మం బయట కూర్చుంది, పక్కన ఈయన, చెల్లెలు. లోపల్నుంచి వాసనలు. అందరూ తినేశాక త్యాగి బయటికొస్తే ఆమె అడిగింది, చౌధరీ గారూ, అందరూ తిన్నారు కదా, నా పిల్లలకి కూడా ఒక విస్తట్లో ఏమైనా పెట్టించండి, వాళ్ళూ ఈ రోజు కోసం ఎదురుచూశారు అని. ఆయనేమన్నాడు? తట్ట నిండా ఎంగిలి పెట్టుకున్నావ్, మళ్ళీ పిల్లలకి భోజనం కావాలా, నీ స్థాయి తెలుసుకో, తట్ట ఎత్తుకుని నడువు అన్నాడు.

గమనించారా, ఆమె తిండి ఎక్కువ అడగలేదు. తట్ట నిండా ఉంది కదా ఆమె దగ్గర, లెక్కకి చూస్తే అదే ఎక్కువ. ఆమె అడిగింది విస్తరి. ఒక్క విస్తరి, పిల్లల ముందు, వాళ్ళ కోసం వేసింది. ఆయనకి అర్థమైంది ఆమె ఏం అడుగుతోందో, అందుకే కుదరదన్నాడు. ఆమె లేచి తట్టలోది మొత్తం అక్కడే విసిరికొట్టింది. ఇది ఎత్తుకుపోయి ఇంట్లో పెట్టుకో, రేపు పెళ్ళివాళ్ళకి టిఫిన్ పెట్టు అంది. ఆయన కొట్టడానికి మీదికొస్తే ఆడపులిలా ఎదురు నిలబడింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ రోజుతో వాళ్ళింట్లో ఎంగిలి తెచ్చుకోవడం ఆగిపోయింది.

దీనికి తోక ఒకటుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ త్యాగి మనవడు ఏదో ఇంటర్వ్యూకి వచ్చి వాల్మీకి ఇంట్లోనే రాత్రి ఉన్నాడు. వాల్మీకి భార్య వండి పెడితే వదినా, మా ఇంట్లో ఎవరికీ ఇంత రుచిగా వండటం రాదు అన్నాడట. ఆవిడ సంతోషించింది. ఈయనకి మాత్రం ఆ రాత్రి తట్ట గుర్తొచ్చింది. మనవడిది తప్పా? ఏం తప్పు, ఆకలేసింది తిన్నాడు, బాగుంటే బాగుందన్నాడు. అదే కదా తమాషా, ఒకరికి అది ఉత్త భోజనమే.

ఇప్పుడు ఇటు చూడండి. లెవీ పుస్తకంలో లొరెంజో అని ఒకాయన ఉన్నాడు. ఇటలీలో ఫొస్సానో ఊరు, తాపీమేస్త్రి. ఖైదీ కాదు, కూలికి వచ్చినవాడు. ఖైదీలతో మాట్లాడితే ఆయన్ని కూడా లోపలేస్తారు. ఆయన ఆరు నెలలపాటు రోజూ లెవీకి ఒక రొట్టె ముక్క, తన రేషన్‌లో మిగిలింది తెచ్చిచ్చాడు. అతుకులేసిన బనియన్ ఒకటిచ్చాడు. ఈయన పేరు మీద ఇటలీకి పోస్టుకార్డు రాసి జవాబు కూడా తెచ్చిపెట్టాడు. బదులుగా ఏమీ అడగలేదు, తీసుకోలేదు. పెద్దగా మాట్లాడేవాడు కూడా కాదట, థాంక్స్ చెప్తే చిరాకు.

లొరెంజో తెచ్చే ఆ మిగులు సూపు ఎట్లా ఉండేదో తర్వాత ఎప్పుడో రాశాడు లెవీ. లొరెంజో తనకి మిగిలింది, తోటి కూలోళ్ళు వదిలేసింది, అన్నీ ఒక డబ్బాలో పోసి తెచ్చేవాడు. అందులో రేగుపండు గింజల్లాంటి గింజలు, సాసేజ్ తొక్కలు, ఒకసారి ఈకలతో సహా పిచ్చుక రెక్క, ఇంకోసారి ఉడికిపోయిన ఇటాలియన్ పేపర్ ముక్క! ఏంటండీ అది? ఎంగిలే కదా. పచ్చి ఎంగిలి. బర్లా తట్టలో ఉన్నదానికంటే అధ్వాన్నం, అక్కడ కనీసం పూరీలు. కానీ ఆ డబ్బా గురించి లెవీ ఏమంటాడు, నేను ఇవాళ బతికున్నానంటే లొరెంజో వల్లే, తిండి ఇచ్చినందుకు మాత్రమే కాదు, క్యాంపు బయట మంచి లోకం ఒకటి ఇంకా ఉందని ఆయన ఉండటం వల్లే గుర్తుంది, నేనూ మనిషినేనని ఆయన వల్లే మర్చిపోలేదు అంటాడు. పిల్లలకి ఆయన పేరే కలిపి పెట్టుకున్నాడు, కూతురు లీసా లొరెంజా, కొడుకు రెంజో.

ఒకే ఎంగిలి. ఒకచోట మనిషిని నిలబెట్టింది, ఒకచోట కింద కూర్చోబెట్టింది. తేడా ఎక్కడుంది? నాకు తోచింది చెప్తా, మీకు వేరే తోస్తే చెప్పండి. త్యాగి ఇచ్చింది తనకి అక్కర్లేనిది, ఆకలేసేవాళ్ళని బయట కూర్చోబెట్టడానికి ఇచ్చాడు. లొరెంజో ఇచ్చింది తను ప్రాణం మీదికి తెచ్చుకుని ఇచ్చాడు, ఎదుటివాణ్ణి తన బంతిలో కూర్చోబెట్టుకున్నట్టు ఇచ్చాడు. మా అమ్మ చాయ్ కూడా వేడి వేడి చాయే, పాలు చక్కెర అన్నీ వేసిందే. కానీ జానెడు ఎత్తు నుంచి.

ఇంకా ఉన్నయ్ ఇట్లాంటివి. ఆరో క్లాసులో చేర్చడానికి డబ్బుల్లేక వాల్మీకి చదువు ఆగిపోతుంటే వదిన కాలి వెండి పట్టీ తీసి అత్త చేతిలో పెట్టింది, ఇది అమ్మి అబ్బాయిని బళ్ళో వెయ్యండి అని. చచ్చిన ఎద్దు తోలు ఒలవడానికి ఈ పిల్లాణ్ణి పంపాల్సొచ్చిన రోజు, తిరిగొచ్చిన అవతారం చూసి, ఇంక వీడితో ఈ పని చేయించొద్దు, మనం పస్తులున్నా సరే అన్నది కూడా ఆమే. ఇటు లెవీ వాళ్ళని ఇటలీలోని ఫొస్సోలి క్యాంపు నుంచి రేపు పంపించేస్తారని తెలిసిన రాత్రి, తల్లులు పిల్లలకి స్నానాలు చేయించి, దారికి తిండి కట్టి, బట్టలు ఉతికి ఆరేశారట. తెల్లారేసరికి ముళ్ళకంచె నిండా పిల్లల గుడ్డలు, గాలికి ఊగుతూ. రేపు చంపుతారని తెలిస్తే ఇవాళ పిల్లాడికి అన్నం పెట్టరా మీరు, అని అడుగుతాడు లెవీ మనల్ని. దాని మీద నేనేం వ్యాఖ్యానం చెయ్యను. చెయ్యలేను.

మంచీ చెడూ ఇట్లా చెరో వైపు సర్దేసుకుంటే చాలా హాయిగా ఉంటుంది కదా. లెవీ మనల్ని హాయిగా ఉండనివ్వడు. 1944 ఆగస్టులో శిథిలాల్లో పని చేస్తుంటే ఒక పైపులో కాసిని నీళ్ళు దొరికినయ్, లీటరు కూడా లేవు. ఎండ, దాహం. స్నేహితుడు అల్బెర్తోకి చెప్పాడు, ఇద్దరూ పడుకుని మార్చి మార్చి తాగేశారు. పక్కనే పనిచేస్తున్న దానియేలెకి చెప్పలేదు. అతను దూరం నుంచి చూశాడు. విడుదలైన తర్వాత ఎన్నో నెలలకి అడిగాడు, మీరిద్దరే ఎందుకు, నాకెందుకు ఇవ్వలేదు అని. ఆ నీళ్ళ గుటక వాళ్ళిద్దరి మధ్య అట్లాగే ఉండిపోయింది అంటాడు లెవీ. దానికి ముసలయ్యేదాకా సిగ్గుపడ్డాడు. సిగ్గు చూడండి ఎవరికి పట్టుకుందో! పాన్‌విట్జ్ సిగ్గుపడ్డట్టు ఎక్కడా లేదు.

వాల్మీకి దగ్గరా ఇంతే. పేరు చివర వాల్మీకి అని ఉంటే కులం తెలిసిపోతుందని భార్యకే ఆ పేరు ఇష్టముండేది కాదు. చదువుకున్న సొంత చుట్టాలే నలుగురిలో ఈయన మాకు తెలీదన్నట్టు ఉండేవాళ్ళు. మహారాష్ట్ర అంబర్‌నాథ్‌లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఒక బ్రాహ్మణ కుటుంబం చాలా ప్రేమగా ఉండేది, పండక్కి పిలిచేవాళ్ళు, ఆ పేరు ఉత్తరాదిలో ఏ కులానిదో తెలీక, పేరు చూసి బ్రాహ్మడనుకున్నారు. వాళ్ళమ్మాయి సవిత ఇష్టపడింది. ఈయన చెప్పేశాడు నేను ఫలానా అని. ఆ పిల్ల ఏడ్చింది, నమ్మలేదు, మా నాన్నకి చెప్పకు అంది. నిన్నటిదాకా ఉన్న మనిషే కదా ఇవాళా ఉన్నది? ముక్కు మారిందా, కళ్ళు మారాయా? మళ్ళీ అద్దం అడ్డమొచ్చింది, చేపల తొట్టి అద్దం, అంతే. ఈసారి అవతల కన్నీళ్ళున్నాయి, అది ఒక్కటే తేడా.

టైం అయిపోతోందని అక్కణ్ణుంచి సైగ చేస్తున్నారు. రెండు నిమిషాలు. క్యాంపు గేటు తెరుచుకున్న తారీఖు ఉంది, 1945 జనవరి 27. రష్యా సైనికులు గుర్రాల మీద వచ్చారు. ప్రపంచం ఆ రోజుని గుర్తుపెట్టుకుంటుంది. బర్లాకి అట్లాంటి తారీఖు ఏది? 1950 జనవరి 26 అందామా? ఆ తర్వాతే కదా ఆ పిల్లాడి చేతికి చీపురిచ్చింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. మా కొట్టం గూట్లో గిలాస నేను డిగ్రీకి హైదరాబాద్ వచ్చేనాటికి కూడా ఉంది, చట్టం మా ఊరి బస్సు ఎక్కలేదు.

లొరెంజో ఏమయ్యాడో చెప్పి ఆపేస్తా. యుద్ధం అయ్యాక నడుచుకుంటూ ఇల్లు చేరాడు. లెవీ వెతుక్కుంటూ పోయాడు ఫొస్సానోకి. అప్పటికి ఆయన మనిషి మనిషిలా లేడు, తాగుతున్నాడు, మేస్త్రి పని మానేశాడు, పాత ఇనుము కొని అమ్ముకుంటూ మంచులో బయటే పడుకుంటున్నాడు. జబ్బు చేసింది. లెవీ ఆసుపత్రిలో చేర్పిస్తే అక్కడ తాగడానికి వైన్ ఇవ్వరని పారిపోయాడు. 1952లో పోయాడు. క్యాంపులో లెవీకొక్కడికే కాదు, ఇంకా కొంతమందికి కూడా ఇట్లాగే సాయం చేశాడని అప్పుడు తెలిసింది, ఎవరికీ చెప్పుకోలేదు. క్యాంపులో ఉన్నది లెవీ, బతకలేకపోయింది లొరెంజో. ఆయన చూడాల్సింది చూసేశాడు, ఇంక ఈ లోకం వద్దనిపించిందేమో. మంచి చేసినోళ్ళకి మంచే జరుగుతుందని పిల్లలకి చెప్తాం కదా మనం, నేను ఈ పుస్తకాలు చదివాక చెప్పడం మానేశా.

ఇంక ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, ముందు వరసలో అమ్మ... గట్టిగా చెప్పండి, వెనక వినబడట్లేదట. ఆమె పేరు ఏంటి అంటున్నారు. మా ఇంటికి వచ్చే ఆమె పేరు.

నాకు తెలీదమ్మా.

నాకు ఊహ తెలిసినప్పట్నుంచి పదిహేడేళ్ళు వచ్చేదాకా చూశా ఆమెని రోజూ. ఈ ప్రసంగం రాసుకుంటుంటే నాకే అనుమానమొచ్చింది, మొన్న గురువారం ఊళ్ళో మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశా, మనింట్ల కొట్టం ఊడ్చేటామె ఉండె గద, పేరేంది అన్నా. కాసేపు ఆలోచించాడు. "ఎవలు, ఊడ్చేటామెనా? అదే, ఊడ్చేటామె" అన్నాడు.